తొంభై రెండు

ఆ మిషను వార్డులోకి వచ్చి పంతొమ్మిది రోజులయింది. పంతొమ్మిది రోజులుగా తెల్లదుప్పటి కప్పుకుని, నడుముకి ఎర్ర రిబ్బను కట్టించుకుని, కిటికీ పక్కన పని ముట్టని చుట్టంలా కూర్చుంది. దానికి మూడడుగుల దూరంలో, గాజుపెట్టెలో, ఒక పసిగుడ్డు ఊపిరి కోసం పెనుగులాడుతోంది.

ఆ బిడ్డకి ఇంకా పేరు పెట్టలేదు. ఏడో నెల నిండకుండానే ఎనిమిది వందల గ్రాములతో ఊడిపడింది కాబట్టి వార్డు నర్సులంతా 'పిడికెడు' అంటారు. ఆరు వారాలకి ఒళ్ళు కాస్త కూడి కిలో దాటింది గానీ ఊపిరితిత్తులు మాత్రం మొండికేసి కూర్చున్నాయి. ముక్కులో రెండు చిన్న గొట్టాలు, అరికాలికి ఎర్రలైటు వెలిగే పట్టీ. ఆ పట్టీ చెప్పే అంకె పైనున్న తెరమీద పడుతుంది. ఒంట్లో ఆక్సిజన్ ఎంత ఉందో చెప్పే అంకె అది.

ఆ తెరమీద ఒక కన్ను, ఆక్సిజన్ తిప్పే నాబ్ మీద ఒక చెయ్యి వేసి నిలబడిన మనిషిని అందరూ నాబక్క అంటారు. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వార్డు, ఇదే తిప్పుడు. ఇంట్లో గ్యాస్ పొయ్యి తిప్పేటప్పుడు కూడా ఒక్కొక్క గీతే జరుపుతుందని ఆమె కూతురు ఏడిపిస్తూ ఉంటుంది.

ఆక్సిజన్ ఎంత ఎక్కువిస్తే అంత మంచిదని బయటివాళ్ళు అనుకుంటారు. నెలలు నిండని పిల్లల విషయంలో అది పచ్చి అబద్ధం. తక్కువైతే మెదడు దెబ్బతింటుంది. ఎక్కువైతే కంట్లో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి చూపు పోతుంది. అంకె తొంభైకీ తొంభై అయిదుకీ మధ్య ఉండాలి. ఉండదు. పిడికెడు పాలు తాగితే పడిపోతుంది, ఎక్కిళ్ళొస్తే పడిపోతుంది, ఏమీ చెయ్యకుండా పడుకున్నా ఊపిరి తియ్యడం మరిచిపోయి పడిపోతుంది. అప్పుడు నాబ్ పెంచాలి. పెంచగానే అంకె తొంభై తొమ్మిదికి ఎగురుతుంది. వెంటనే తగ్గించాలి. ఈ లోపల పక్క పెట్టె అలారం కూస్తుంది. నాబక్క వంతుకి వచ్చిన పెట్టెలు అయిదు. ఉన్నవి రెండు చేతులు.

దుప్పటి కింద ఉన్న మిషను చేసేది ఈ పనే. క్షణక్షణం అంకె చూసుకుంటూ, ఎవరూ తాకకుండా తనంతట తనే ఆక్సిజన్‌ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. కంపెనీ ఇంజినీరు బిగించిన రోజున పిడికెడు మీదే గంటసేపు నడిపి చూపించాడు. ఆ గంటసేపూ నాబక్క చేతులు కట్టుకుని, అది ఎక్కడ తప్పు చేస్తుందా అని కాచుకుని కూర్చుంది. బిడ్డ రెండుసార్లు పడింది. రెండుసార్లూ ఈమె చెయ్యి లేచేలోగానే మిషను పెంచింది, పైకి ఎగరకుండా తగ్గించేసింది కూడా.

"అయితే నా వేళ్ళకంటే దీనికి ఎక్కువ తెలుసంటావా?" అంది ఉక్రోషంగా.

"ఎక్కువేం తెలీదు మేడమ్. కాకపోతే దీనికి వేరే పిల్లలు లేరు," అన్నాడు ఇంజినీరు.

గంట కాగానే సూపరింటెండెంట్ వచ్చి మిషను విప్పించి దుప్పటి కప్పించాడు. దాతల సంఘం అధ్యక్షుడు వచ్చి రిబ్బను కత్తిరించాలట, ఫొటోలు తియ్యాలట, ఆ తర్వాతే వాడకమట. పెద్దమనిషికి తీరిక దొరక్క ముహూర్తం ఇప్పటికి మూడుసార్లు వాయిదా పడింది.

సోమవారం పొద్దున కళ్ళ డాక్టరు వచ్చాడు. పిడికెడు కనురెప్పల్ని చిన్న తీగతో తెరిచిపెట్టి, తలకి లైటు తగిలించుకుని చాలాసేపు చూశాడు. బిడ్డ గొంతు చించుకుని ఏడ్చింది. నాబక్క ఒక చేత్తో ఆ తల పట్టుకుని రెండో చేత్తో నాబ్ తిప్పుతూనే ఉంది.

"రెండు కళ్ళలోనూ మొదలైంది. ఇంకా ముదరలేదు. ఇక్కడితో ఆగితే దానంతట అదే సర్దుకోవచ్చు, ఆగకపోతే లేజర్ చెయ్యాల్సొస్తుంది," అని ఆయన లైటు తీసి పెట్టె కాళ్ళ దగ్గర వేలాడే చార్టు అందుకున్నాడు. గంటగంటకీ ఆక్సిజన్ అంకె రాసే కాగితం అది. పై నుంచి కింది దాకా వేలితో చదువుకుంటూ పోయాడు. తొంభై రెండు, తొంభై రెండు, తొంభై మూడు, తొంభై రెండు. నెల్లాళ్ళ కాగితాలు తిరగేశాడు. అన్నీ అవే.

"ఇంత చక్కగా ఉంటే కళ్ళెందుకిలా అయినట్టు?" అన్నాడు, నిజంగానే అర్థం కాక.

ఎందుకో నాబక్కకి తెలుసు. వార్డులో ప్రతి నర్సుకీ తెలుసు. అయిదు పెట్టెల మధ్య పరిగెత్తేవాళ్ళకి గంట కొట్టగానే ఆగి అంకె రాసే వ్యవధి ఎక్కడిది? షిఫ్టు దిగే ముందు పది నిమిషాలు కూర్చుని ఖాళీ గళ్ళన్నీ ఒక ఊపున నింపేస్తారు. అప్పుడు ఉండాల్సిన అంకె రాస్తారు, ఉన్న అంకె కాదు. కొత్తగా వచ్చిన నర్సుకి గొట్టం మార్చడం నేర్పినట్టే ఇదీ నేర్పుతారు. నాబక్కే ఎంతమందికి నేర్పిందో. అందులో ఎవరికీ పాపం కనపడలేదు. పనంతా చేసి, చేసినట్టు కాగితానికి చెప్పడమే కదా అనుకున్నారు.

కళ్ళ డాక్టరు వచ్చే సోమవారం మళ్ళీ చూస్తానని వెళ్ళిపోయాడు. నాబక్క పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ చిన్నది, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు.

"ఆ మిషను పిడికెడుకి పెట్టించండి డాక్టర్."

"నాకు మాత్రం పెట్టాలని లేదా సిస్టర్? రెండుసార్లు అడిగాను. పెద్దాయన్ని కాదని నేనెలా పెట్టను?" అంది డాక్టరమ్మ నేలచూపులు చూస్తూ.

అయితే పెద్దాయన్నే అడుగుదామని నాబక్క మధ్యాహ్నం సూపరింటెండెంట్ గదికి వెళ్ళింది. ఆయన కసురుకునే రకం కాదు. కూర్చోమన్నాడు, చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు. ఆ తర్వాత పిడికెడు చార్టు తెప్పించి బల్లమీద పరిచాడు.

"ఇదిగోనమ్మా, మీరు రాసిందే కదా. అన్నీ తొంభై రెండే. మీ చేతిలో బిడ్డ ఇంత భేషుగ్గా ఉంటే మిషనుకి అంత తొందరేముంది? శనివారం అధ్యక్షులవారు తప్పకుండా వస్తున్నారు. ఆ రిబ్బను కాస్తా ముందే విప్పేస్తే ఆయన ఏం ప్రారంభిస్తారు?"

నాబక్క ఏమని చెబుతుంది? ఆ అంకెలు నేను కూర్చుని అల్లినవి సార్ అనాలా? ఆయనకి తెలీదా? పదేళ్ళుగా వార్డుకి నర్సులు చాలరని ఉత్తరాలు రాస్తే ఇవే చార్టులు చూపించి 'అంతా సవ్యంగానే ఉందిగా' అని తిప్పిపంపింది ఈయనే. తమ చేతిరాతే తమ మెడకి చుట్టుకుందని ఆమెకి ఆ గదిలో తెలిసొచ్చింది. ఆయన మీద ఒళ్ళు మండిపోయింది. తనమీద అంతకంటే మండింది.

మంగళవారం ఆమె జేబులో పెన్ను, పెన్నుతో పాటు ఒక చిన్న టైంపీసు కూడా పెట్టుకుని వచ్చింది. గంట మోగగానే ఎక్కడున్నా వచ్చి, తెరమీద ఏముంటే అది రాసింది. ఎనిమిదికి డెబ్బై ఎనిమిది. తొమ్మిదికి తొంభై తొమ్మిది. పదికి ఎనభై నాలుగు. పదకొండుకి వంద. అయిదు పెట్టెల చార్టులూ అలాగే రాసింది.

పన్నెండుకి హెడ్ సిస్టర్ ఆ కాగితం చూసి గుండెలమీద చెయ్యి వేసుకుంది. రిటైరవడానికి పద్నాలుగు నెలలున్న మనిషి. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క మచ్చ లేదు, పడనివ్వదు కూడా.

"మతి గానీ పోయిందా నీకు? ఈ అంకెలు చూస్తే మనం పని మానేసి కబుర్లు చెప్పుకుంటున్నామనుకుంటారు."

"ఉన్నదే రాశాను సిస్టర్."

"ఉన్నది రాయడానికి నువ్వొక్కదానివే పుట్టావా? మధ్యాహ్నం వాళ్ళు తొంభై రెండు రాస్తారు, రాత్రి వాళ్ళు తొంభై రెండు రాస్తారు. మధ్యలో నీది ఇలా ఉంటే తప్పు ఎవరిదంటారు? ఆలోచించావా?"

"ఆలోచించాను. ఆ బిడ్డ కళ్ళ గురించి కూడా ఆలోచించాను," అంది నాబక్క. హెడ్ సిస్టర్ ఇంకేదో అనబోయింది గానీ మూడో పెట్టె కూసింది. నాబక్క అటు పరిగెత్తింది.

ఒంటిగంటకి పిడికెడు తల్లి పాలగిన్నె పట్టుకుని వచ్చింది. ఆరు వారాలుగా బయట వరండాలో బెంచీ మీదే ఆమె కాపురం. మూడు గంటలకోసారి పాలు పిండి తెస్తుంది, చార్టు చూస్తుంది, బయటికి పోయి ఊళ్ళో ఉన్న మొగుడికి ఫోన్ చేస్తుంది. "ఇవాళ కూడా తొంభై రెండేనండీ," అని ఆమె అనడం లోపలికి వినపడుతుంది. ఎవరితోనూ గొంతెత్తి ఎరగదు. ఏదైనా అడగాల్సొస్తే ముందు 'ఏమనుకోకండి' అంటుంది.

ఆ రోజు చార్టు చూసి ఆమె మొహం పాలిపోయింది.

"ఏమనుకోకండక్కా, నిన్నటిదాకా బాగానే ఉంది కదా? ఇవాళ ఏమైంది నా బిడ్డకి?"

నాబక్క సర్దిచెప్పొచ్చు. పిల్లలన్నాక ఒక రోజు అటూ ఇటూ అవుతుందమ్మా అంటే ఆమె నమ్మేసేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నిన్న కూడా ఇంతేనమ్మా. మొన్నా ఇంతే. మేమే రాయలేదు."

"అంటే?"

"రాసే తీరిక ఉండదు. చివర్లో కూర్చుని అన్నీ ఒకేసారి రాసేస్తాం. ఉజ్జాయింపుగా."

తల్లి కాసేపు తెరవంక చూసింది, కాసేపు కాగితంవంక. చేతిలో పాలగిన్నె ఒరిగి రెండు చుక్కలు నేలమీద పడ్డాయి.

"అన్నీ అబద్ధాలేనా?"

"అన్నీ కాదు. ఏవి కాదో నాకే తెలీదు," అంది నాబక్క.

తల్లి ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని ఎదురుచూసింది. తిడితే బాగుండనిపించింది. ఆమె పాలగిన్నె బల్లమీద పెట్టి, బిడ్డ పాదాన్ని ఒక్కసారి వేలితో తాకి, బయటికి వెళ్ళిపోయింది. ఆ రోజు వరండాలోంచి ఫోన్ మాట వినపడలేదు.

బుధవారం మెమో వచ్చింది. టైపు చేసిన కాగితం, కింద సంతకం, ముద్ర. 'మీ డ్యూటీ వేళల్లో మాత్రమే శిశువు ఆక్సిజన్ ప్రమాదకర స్థాయిలో హెచ్చుతగ్గులకు లోనైనట్లు రికార్డుల ద్వారా స్పష్టమగుచున్నది. మిగిలిన సిబ్బంది డ్యూటీలో అటువంటి లోపమేదియు కనిపించలేదు. మీ నిర్లక్ష్యమునకు మూడు రోజులలో సంజాయిషీ ఇవ్వవలెను.' మర్నాటి నుంచి ఆమెని దుప్పట్ల గదికి వేశారు.

నాబక్క దాన్ని రెండుసార్లు చదివింది. పద్దెనిమిదేళ్ళు గళ్ళు నింపినప్పుడు ఒక్కడూ వేలెత్తి చూపలేదు. ఒక్క రోజు కళ్ళతో చూసింది రాస్తే నిర్లక్ష్యమట! బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుని, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో తనకొచ్చిన తిట్లన్నీ తిట్టింది. మొహం కడుక్కుని వచ్చి షిఫ్టు పూర్తిచేసింది. గంటగంటకీ ఉన్న అంకే రాసింది. దిగేటప్పుడు చార్టు అందుకున్న మధ్యాహ్నం నర్సు ఆమె కళ్ళలోకి చూడలేదు.

దుప్పట్ల గదిలో కిటికీ లేదు. గురువారం పొద్దుటినుంచి ఉతికొచ్చిన దుప్పట్లని మడతపెట్టి వరసలు పేర్చడమే పని. గదంతా సబ్బు వాసన. గోడకి గడియారం లేకపోయినా గంట అవుతోందంటే ఆమె ఒళ్ళు దానంతట అదే లేవబోయేది. పిడికెడు దగ్గర ఇప్పుడెవరున్నారో, నాబ్ పెంచి తగ్గించడం మరిచిపోయారేమో, పాల తర్వాత అయిదు నిమిషాలు ఆగారో లేదో. తన చేతుల్లో ఇప్పుడు ఉన్నది దుప్పటి.

మధ్యాహ్నం ఇక ఆగలేక, వార్డులో చెప్పులు మరిచిపోయానని తనకి తనే సాకు చెప్పుకుని వెళ్ళింది. పిడికెడు పెట్టె దగ్గర హెడ్ సిస్టరే నిలబడి ఉంది. ఆవిడ నాబ్ పట్టుకుని ఎన్నేళ్ళయిందో. కొంగు బొడ్లో దోపుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, తెరవంక మిటకరించి చూస్తోంది.

"పొద్దుట్నుంచి తిప్పుతున్నా. వేళ్ళు కొంకర్లు పోయాయి," అంది వెనక్కి తిరక్కుండానే. "ఒక్క గంట కుదురుగా ఉండదేమే ఇది? పట్టుకునేలోపే అటు పోతుంది, ఇటు పోతుంది."

నాబక్క చార్టు అందుకుంది. ఎనిమిదికి ఎనభై ఒకటి. తొమ్మిదికి తొంభై ఏడు. పదికి డెబ్బై నాలుగు. గుండ్రటి, పొందికైన అక్షరాలు, హెడ్ సిస్టర్ చేతివే. కాగితం వెనక్కి తిప్పింది. నిన్న మధ్యాహ్నం ఎనభై ఆరు, తొంభై ఎనిమిది, డెబ్బై తొమ్మిది. నిన్న రాత్రి ఎనభై, వంద, ఎనభై మూడు. రెండో పెట్టె చార్టు చూసింది, మూడోది చూసింది. వార్డు మొత్తంలో ఒక్క తొంభై రెండు మాత్రమే ఉంది. దాని పక్కన ఎవరో చిన్నగా 'నిజంగానే' అని రాసి పెట్టారు.

"ఇదేంటి సిస్టర్?"

"నీ డ్యూటీలోనే పిల్ల బాగోలేదంటే నేనెట్టా ఒప్పుకుంటాను? నీకు పని నేర్పింది నేను," అంది హెడ్ సిస్టర్. "మెమోలు ఇస్తే పదిహేనుమందికీ ఇవ్వమను. అప్పుడు వార్డు ఎవరు నడుపుతారో నేనూ చూస్తా."

సంగతి పైకి పాకడానికి ఎంతో సేపు పట్టలేదు. మూడింటికి సూపరింటెండెంట్ స్వయంగా దిగొచ్చాడు. చార్టులన్నీ చూసి మొహం ఎర్రగా చేసుకున్నాడు.

"ఏమిటిదంతా? శనివారం ఫంక్షన్ పెట్టుకుని కావాలని చేస్తున్నారా?"

గుమ్మం దగ్గర పాలగిన్నె పట్టుకుని పిడికెడు తల్లి నిలబడి ఉంది. రెండు రోజులుగా ఆమె నర్సులెవరితోనూ మాట్లాడలేదు.

"ఆ దుప్పటి కింద ఉన్నది దేనికండీ?" అంది. ఈసారి 'ఏమనుకోకండి' అనలేదు.

"అదమ్మా… కొత్త మిషను. శనివారం ప్రారంభిస్తున్నాం."

"అది పెడితే నా బిడ్డ అంకె నిలబడుతుందా?"

సూపరింటెండెంట్ పక్క పెట్టె దగ్గరున్న డాక్టరమ్మ వంక చూశాడు. ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళి పిడికెడు కేసు కాగితం తీసి రెండు వాక్యాలు రాసి, కింద సంతకం, టైము వేసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇప్పుడే మిషను మీద పెట్టమని రాశాను సార్. నిన్నటిదాకా కాగితం మీద బిడ్డ బాగానే ఉంది, మనల్ని అడిగేవాళ్ళు లేరు. ఇప్పుడీ అంకెలన్నీ చూశాక కూడా పెట్టకపోతే, రేపు కళ్ళు పోతే, ఎందుకు పెట్టలేదని నన్నడుగుతారు. ఎవరు వద్దన్నారని కూడా అడుగుతారు."

ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకున్నాడు. బిడ్డవంక ఒక్కసారైనా చూస్తాడేమోనని నాబక్క కనిపెట్టి ఉంది. చూడలేదు. "మీ ఇష్టం. అధ్యక్షుల వారికి మీరే జవాబు చెప్పుకోండి," అని కాగితం బల్లమీద పడేసి వెళ్ళిపోయాడు.

ఆయన అడుగుల చప్పుడు మెట్లు ఎక్కకముందే హెడ్ సిస్టర్ బల్లమీద ఉన్న కట్లు కత్తిరించే కత్తెర తీసి ఆ రిబ్బనుని ఒక్క కత్తిరింపుతో తెగ్గొట్టింది. చప్పట్లు కొట్టే తీరిక ఎవరికీ లేదు. నాబక్క దుప్పటి లాగి, గొట్టాలు కలిపి, అరికాలి పట్టీ తీగని మిషనుకి తగిలించింది. దుప్పట్ల గదికి ఆమెని మళ్ళీ ఎవరూ పంపలేదు. హెడ్ సిస్టర్ డ్యూటీ కాగితంలో ఆమె పేరు ఎప్పటి గడిలోనే రాసేసింది. మెమోని మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. నాబక్క దానికి నాలుగు పేజీల సంజాయిషీ రాసి పంపింది. అందులో పద్దెనిమిదేళ్ళ సంగతీ రాసింది, నర్సులు చాలరన్న పాత ఉత్తరాల తేదీలూ రాసింది. ఇంతవరకు దానికి జవాబు లేదు.

శనివారం ప్రారంభోత్సవం కూడా జరిగింది. కత్తిరించడానికి ఏదో ఒకటి ఉండాలి కాబట్టి వార్డు తలుపుకి రిబ్బను కట్టారు. అధ్యక్షుడు కత్తిరించాడు, మిషను గొప్పతనం గురించి పది నిమిషాలు మాట్లాడాడు. ఆ పది నిమిషాల్లో నాలుగు పెట్టెలు కూశాయి. వాటికి మిషన్లు లేవు. నర్సులు ఉపన్యాసం మధ్యలోంచే పరిగెత్తారు.

సోమవారం కళ్ళ డాక్టరు లైటు తగిలించుకుని వచ్చి చూశాడు. "ముదరలేదు. తగ్గిందని మాత్రం ఇప్పుడే చెప్పలేను, ఇంకో రెండు వారాలు చూడాలి," అన్నాడు. పోయిన వారం చార్టులు తిరగేసి, గురువారం మధ్యాహ్నం దగ్గర ఆగి, ఆ పైనా ఆ కిందా మార్చిమార్చి చూశాడు. "ఈసారి నాకు అర్థమవుతోంది," అని మాత్రం అని వెళ్ళాడు.

పదకొండు కావస్తుండగా తల్లి పాలు తెచ్చింది. డాక్టరు చెప్పిన మాట నాబక్క చెప్పింది, ఒక్క అక్షరం కలపకుండా, ఒక్క అక్షరం తగ్గించకుండా. తల్లి విని తల ఊపింది. చార్టు అందుకుంది. ఆ రోజువి తొంభై ఒకటి, తొంభై నాలుగు, తొంభై రెండు. మూడో గడిమీద ఆమె వేలు ఆగింది.

"ఇది చూసి రాసిందేనా?"

"చూసే రాశానమ్మా."

తల్లి ఆ మాట నమ్మలేదు. నమ్మాలని ఉంది గానీ ఆమెవల్ల కాలేదు. తెరవంక చూసింది, మళ్ళీ కాగితంవంక చూసింది. నమ్మమని అడిగే హక్కు నాబక్కకి లేదు. ఆ హక్కుని ఆమె రోజుకి ఎనిమిది గళ్ళ చొప్పున నింపి పోగొట్టుకుంది. జేబులో టైంపీసు మోగింది. నాబక్క పెన్ను తీసి తల్లి ముందు పెట్టింది.

"నువ్వే చూసి రాయి."

తల్లి తడిచేతుల్ని చీరకి తుడుచుకుని పెన్ను తీసుకుంది. పిడికెడు ఎప్పట్లాగే ఊపిరి మరిచినట్టుంది, తెరమీద అంకె జారింది. ఎనభై ఎనిమిది. ఆమె ఆ రెండు అంకెల్నీ బళ్ళో పిల్లలా ఒత్తి ఒత్తి రాసింది. మిషను లోపల సన్నగా చప్పుడైంది. అంకె ఎనభై తొమ్మిదయింది, తొంభై ఒకటయింది, అక్కడ నిలబడింది.

"ఇప్పుడు తొంభై ఒకటి ఉంది. మార్చనా?"

"వద్దు. గంట కొట్టినప్పుడు ఎంతుంటే అంతే."

అవతల నాలుగో పెట్టె కూసింది. నాబక్క అటు పరిగెత్తి, నాబ్ మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగి చూసింది. తల్లి బల్లని పెట్టె దగ్గరికి జరుపుకుని కూర్చుంది. పెన్ను తిరిగి ఇవ్వలేదు. నాబక్క అడగలేదు.